మూతపెట్టిన అయిదు నిమిషాలు

ఏప్రిల్ ఆఖర్న కాలువ కట్టేశారు.
లాకు గోడ మీద, గచ్చు వేడి ఇంకా తగ్గకముందే,
రెండు స్టాండ్లు పక్కపక్కన నిలబెట్టాను.
ఒకదాని మీద నా పాతది,
పదకొండేళ్ళుగా తలంబ్రాలు చూసి చూసి అలిసిన కన్ను.
రెండోదాని మీద కాకినాడ లెక్చరరు అరువిచ్చినది,
బొంగరం డబ్బాలా ఉంది, వెనక చిన్న ఫ్యాను,
షట్టరన్నదే లేదు.

షట్టరు అనగానే ఇస్సాకు తన మాటనుకున్నాడు.
ముప్పయ్యేళ్ళు లస్కరుగా షట్టర్లు ఎత్తీ దించీ
అరచేతులు చక్రం వంపుకి వంగిపోయిన మనిషి.
"షట్టరు లేకపోతే నీళ్ళాగవు కదండీ, ఆయ్!"

చెప్పాను.
పాతదాంట్లో రెండు తెరలు.
ఒకటి తప్పుకుంటుంది, వెలుగు దూకుతుంది,
రెండోది వెనకే వచ్చి దారి మూస్తుంది.
నీ ఎగువ తలుపూ దిగువ తలుపూ అనుకో,
మధ్యలో పడవ బదులు నక్షత్రం.
తలుపు పడితే గోడ అదిరినట్టు ఇదీ అదురుతుంది.
పెళ్ళిలో ఎవరికీ తెలీదు, బాజాలుంటాయి.
ఇక్కడ, తేలు గుండెలోని ఎర్రచుక్క
ఆ ఒక్క దెబ్బకి చింతగింజంత సాగుతుంది.

కొత్తదానికి తెర లేదు. లెక్క ఉంది.
పై వరస నుంచి కింది వరస దాకా
చదువుకుంటూ పోతుంది,
నాట్లేసే ఆడాళ్ళు వెనక్కి వెనక్కి నడిచినట్టు.
మొదటి వరస నాటిన పొద్దు వేరు,
ఆఖరి వరస పొద్దు వేరు.
"వంకరొచ్చేస్తుంది కదండీ మరి?"
పరిగెత్తేవాటికి వస్తుంది.
తిరిగే ఫ్యాను రెక్క అరటాకులా వాలిపోతుంది.
చుక్కలు పరిగెత్తవు.
"పరిగెత్తవా?" అని
ఆకాశంకేసి అనుమానంగా చూశాడు.

ఇంకో రకం ఉందిట, ఖరీదు ఎక్కువ.
గళ్ళన్నీ ఒక్క రెప్పలో మూసుకుంటాయి,
కరెంటు పోతే సందు సందూ ఒకేసారి మాయమైనట్టు.
నేను చూడలేదు, విన్నాను.
చీకట్లో కాస్త గరుకంటారు.

రెండు దాటాక
కొబ్బరిమట్టల వెనకనించి పాలపుంత లేచింది.
పడమట గ్యాసు మంట ఆకాశం అంచుని మాడ్చేస్తోంది.
అటు రొయ్యల చెరువుల లైట్లు.
ఈ రెంటికీ షట్టరు వేసేవాడు ఎవడూ లేడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది.
చుక్కల్ని తీశాక చీకటిని కూడా తియ్యాలి.
అంతే వేడిలో, అంతే సేపు, ఏమీ చూపించకుండా.
కెమెరా తనకి తానే పుట్టించుకునే దొంగచుక్కలు
ఎక్కడెక్కడున్నాయో పట్టుకుని,
అసలు ఫొటోలోంచి ఏరెయ్యడానికి.
పాతది ఆ పని తనే చేసుకుంటుంది, తెర దించుకుని.
కొత్తదానికి దించుకోడానికేముంది?
దాని మూత రాజోలులో మర్చిపోయాను.

ఇస్సాకు క్యారేజీ విప్పాడు.
పులిహోర తిన్న గిన్నె
కాలవ మడుగులో మిగిలిన నీళ్ళతో కడిగి,
తువ్వాలుతో తుడిచి,
కెమెరా మూతికి బోర్లించి అరచెయ్యి అదిమిపెట్టాడు.
"అదురుతుందేమోనండి."
అదిరినా ఫర్వాలేదు, చీకటి చెదరదు.

అయిదు నిమిషాలు.
మడుగులో ఒక చేప ఎగిరిపడింది.
"ఓసారి వరదలో," అన్నాడు,
"చివరి షట్టరు సగంలో ఇరుక్కుందండీ.
నేనూ మా తమ్ముడూ చక్రం పట్టుకుని..."
అక్కడితో ఆపేశాడు.
గిన్నె కింద కెమెరా లెక్కపెట్టుకుంటోంది.
నేను అడగలేదు.

గిన్నె తీశాక తెర మీద చూపించాను:
నల్లటి మడి నిండా ఎర్రవీ నీలివీ గింజలు.
"ఇన్నా? మూతేసినా?"
మూతేస్తేనే కనిపిస్తాయి, ఇస్సాకూ.

నాలుగింటికి పాతదాన్ని ఆఖరిసారి నొక్కాను.
టక్ అంది. రెండో టక్ రాలేదు.
ఫొటోలో సగం పాలపుంత,
సగం గట్టుకి కొట్టిన నీటిమట్టంలా
గీత గీసినట్టు నలుపు.
ఇస్సాకు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.
తర్వాత గోడ దిగి, గేటు పళ్ళచక్రం దగ్గరికెళ్ళి,
చూపుడువేలి కొసన నల్లటి గ్రీజు
జాగ్రత్తగా మోసుకొచ్చాడు.
"కాస్త రాసి చూద్దామాండీ?"